డిక్కీ మీది మోనోగ్రామ్ తీయాలంటే ముందు పెయింట్ సంగతి తేల్చుకోవాలి

కారు వెనక అంటించిన మోనోగ్రామ్, అంటే లోగోనో, పేరో తీసేయాలి, ఎలా అని నలుగురిని అడిగి చూడండి. ఒకరు కిరోసిన్ అంటారు. ఒకరు థిన్నర్ అంటారు. ఇంకొకరు "థిన్నర్ తగిలిందా, పెయింట్ లేచిపోతుంది" అని భయపెడతారు. టింకరింగ్ షాపులో కుర్రాడైతే ఏమీ చెప్పకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చేస్తాడు. విచిత్రం ఏమిటంటే, వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. థిన్నర్‌తో తుడిచినా చెక్కుచెదరని కార్లున్నాయి, అదే థిన్నర్‌కి రంగంతా గుడ్డకు అంటుకొచ్చిన కార్లూ ఉన్నాయి. తేడా సీసాలో లేదు, రేకు మీద ఉన్న పెయింట్‌లో ఉంది. ఆ పెయింట్ కంపెనీలో పడిందా, తర్వాత ఎక్కడో షాపులో పడిందా అన్నది తేలితే ఈ గొడవలో ముప్పాతిక వంతు అక్కడే తీరిపోతుంది.

తీయడానికి కారణాలు ఎవరివి వాళ్లకుంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, వెనక షోరూమ్ వాడి పేరు ఇంకా మెరుస్తోంది. క్రోమ్ పెచ్చులు లేచి చూడ్డానికి బాగాలేదు. తక్కువ ఖరీదు ఎల్ఎక్స్ఐ రకం బండి కొని, పై రకం జెడ్ఎక్స్ఐ అక్షరాలు తగిలించుకునే సరదా ఉన్నవాళ్లూ మనలో ఉన్నారు, వాళ్ల జోలికి నేను పోను. కారణం ఏదైనా పని ఒకటే.

కంపెనీలో పెయింట్ ఎలా పడుతుందో చూద్దాం. రేకుకు ముందు ఫాస్ఫేట్ పూత పడుతుంది. తర్వాత బండి బాడీని మొత్తంగా తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో తుప్పు పట్టనివ్వని పూత ఒకటి పట్టిస్తారు. దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నింటికీ పైన క్లియర్ కోట్, అంటే రంగులేని మెరుపు పూత. ఇన్ని పొరలూ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. జిరాక్స్ కాగితం మందం 100 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి, మీ బండి అందమంతా కాగితమంత మందంలో ఉందన్నమాట. అందులో క్లియర్ కోట్ వాటా దాదాపు 40, 50 మైక్రాన్లు. ఈ పొరల్ని ఓవెన్‌లో 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ వేడికి క్లియర్ కోట్‌లోని అణువులు ఒకదానితో ఒకటి వలలా అల్లుకుపోతాయి. ఒకసారి అలా అల్లుకున్నాక మళ్లీ కరగడమంటూ ఉండదు. థిన్నర్ లాంటిది కాసేపు తగిలితే కొంచెం ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆరాక మళ్లీ గట్టిపడుతుంది. "మా మెకానిక్ థిన్నర్‌తోనే తీశాడు, ఏమీ కాలేదు" అనే మాట వెనక ఉన్న రహస్యం ఇదే.

షాపులో పడే పెయింట్ వేరు. అప్పటికే బండికి రబ్బర్లు, ప్లాస్టిక్‌లు, వైరింగ్ అన్నీ బిగించి ఉంటాయి కాబట్టి 140 డిగ్రీల్లో కాల్చే ప్రసక్తే లేదు. మంచి షాపయితే పెయింట్‌ను గట్టిపరిచే హార్డెనర్ సరిగ్గా కలిపి, పెయింట్ బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. అది కూడా బాగానే అల్లుకుంటుంది. హార్డెనర్‌లో కక్కుర్తి పడినా, తొందరగా ఆరుతుందని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ కొట్టినా కథ మారిపోతుంది. ఎన్‌సీ పెయింట్ అసలు ఆరేదే థిన్నర్ ఎగిరిపోవడం వల్ల, కాబట్టి థిన్నర్ మళ్లీ తగిలితే మళ్లీ కరుగుతుంది. పైగా కింద సొట్ట పూడ్చిన లప్పం ఉంటే ఇంకో చిక్కు. లప్పానికీ పెయింట్‌కీ మధ్య పట్టు సరిగా లేకపోతే, మోనోగ్రామ్‌ను గట్టిగా లాగినప్పుడు టేపుతో పాటు రంగు కూడా పెచ్చులా ఊడొస్తుంది. అక్కడ థిన్నర్ లాంటి ఏ మందూ వాడనక్కర్లేదు, లాగితే చాలు, నష్టం జరిగిపోతుంది.

మోనోగ్రామ్ ఎక్కువగా ఉండేది డిక్కీ మీద. మన ఊళ్ల ట్రాఫిక్‌లో వెనక నుంచి వచ్చి తగిలేది కూడా సరిగ్గా అక్కడే. బండి మొత్తం మీద ఒక్క చోటే రీపెయింట్ అయి ఉంటే, అది డిక్కీ గానీ వెనక బంపర్ గానీ అయ్యే అవకాశం బాగా ఎక్కువ. "మా బండి ఒరిజినల్ పెయింటే" అని ధీమాగా ఉండేముందు ఒకసారి చూసుకోవడం మంచిది. సెకండ్ హ్యాండ్ బండి అయితే మరీను.

చూడడం పెద్ద పనేం కాదు. డిక్కీ ఎత్తి కీళ్ల దగ్గరి బోల్టుల తలలు చూడండి. వాటి మీద రంగు చిట్లి, స్పానర్ పెట్టిన గుర్తులుంటే డిక్కీని ఎప్పుడో విప్పారన్నమాట. అంచు రబ్బరు బీడింగ్ పక్కకు లాగి చూస్తే, కింద టేపు వేసిన గీతో, రబ్బరు మీద పడిన రంగు తుంపరో కనిపించవచ్చు. ఎండలో వాలుగా చూస్తే కంపెనీ పెయింట్ మీద సన్నటి నారింజ తొక్క గరుకు అన్ని ప్యానెళ్ల మీదా ఒకేలా ఉంటుంది, ఒక్క డిక్కీ మీదే అద్దంలా నున్నగానో, మరీ గరుగ్గానో ఉంటే అనుమానించాల్సిందే. పాత కార్లు కొనేవాళ్ల దగ్గర పెయింట్ మందం కొలిచే చిన్న మీటరు ఉంటుంది. అందులో డోర్ల మీద 120 చూపించి డిక్కీ మీద 300 దాటితే ఇక చెప్పేదేముంది. చివరి పరీక్ష, ఏ మందు వాడదలచుకున్నారో దాన్నే తెల్లగుడ్డకు కాస్త అద్ది, డిక్కీ లోపలి అంచున, బయటికి కనపడని చోట అర నిమిషం రుద్దడం. గుడ్డకు రంగు వచ్చినా, ఆ చోటు మెరుపు తగ్గినా ఆ మందు మీ బండికి పనికిరాదు.

రెండో ప్రశ్న, అది అసలు దేనితో పట్టి ఉంది? అన్నీ టేపుతోనే ఉండవు. కొన్నింటికి వెనక రెండు మూడు పిన్నులుంటాయి. అవి రేకులోని రంధ్రాల్లోంచి దూరి లోపల క్లిప్పులతో బిగుసుకుని ఉంటాయి. టేపు అనుకుని కింద నుంచి ఎత్తితే పిన్ను విరగొచ్చు, రంధ్రం అంచున పెయింట్ చిట్లిపోవచ్చు. తెలుసుకునే సులువైన దారి ఒకటుంది. ఆన్‌లైన్‌లో అదే మోడల్ మోనోగ్రామ్ స్పేర్ పార్ట్ వెతికి, దాని వెనక వైపు ఫోటో చూడండి. పిన్నులుంటే కనిపిస్తాయి. లేదంటే డిక్కీ లోపలి లైనింగ్ విప్పి చూడాలి. పిన్నులున్నవి తీసేసి వదిలేస్తే రంధ్రాల్లోంచి వాననీళ్లు దిగి లోపల తుప్పు మొదలవుతుంది, కాబట్టి రంధ్రం పూడ్చి రంగు వేయించే ఉద్దేశం లేకపోతే దాన్ని అలాగే ఉంచడం నయం. ముందు గ్రిల్ మీది లోగో జోలికైతే ఊరికే పోకండి. ముందున్న బండిని పసిగట్టి బ్రేక్ వేసే సదుపాయం ఉన్న కొన్ని కార్లలో ఆ లోగో వెనకే రాడార్ ఉంటుంది, తరంగాలు దానిగుండా పోయేలా ప్రత్యేకమైన ప్లాస్టిక్‌తో చేసి ఉంటుంది. కొన్ని కార్లలో వెనక లోగోనే డిక్కీ తెరిచే హ్యాండిలో, కెమెరా మూతో అయి ఉంటుంది.

టేపుతో పట్టినవే మన పని. అది మామూలు డబుల్ సైడ్ టేపు కాదు, యాక్రిలిక్ ఫోమ్ టేపు. త్రీఎం కంపెనీ 1980లో తెచ్చిన వీహెచ్‌బీ టేపు ఈ జాతిలో పేరున్నది. దీని స్వభావం ముదురు పాకం లాంటిది. చల్లగా ఉన్నప్పుడు విసురుగా లాగితే గట్టిగా ఎదురుతిరుగుతుంది, వెచ్చగా ఉన్నప్పుడు నెమ్మదిగా లాగితే సాగుతూ వచ్చేస్తుంది. బండి గుంతలో పడ్డా, డిక్కీ ధన్‌మని వేసినా ఆ కుదుపుకు లోగో ఊడకూడదు కదా, అందుకే దాన్ని అలా తయారు చేశారు. స్క్రూడ్రైవర్‌తో ఒక్క ఊపున ఎత్తేవాడు సరిగ్గా ఆ టేపు ఏ దెబ్బను తట్టుకోవడానికి పుట్టిందో ఆ దెబ్బే కొడుతున్నాడు. టేపు లొంగదు, కాబట్టి స్క్రూడ్రైవర్ మొన పెయింట్ మీద ఆనుకుని బలం తీసుకుంటుంది. గీత పడేది అక్కడే.

కాబట్టి వేడి చేయాలి, ఆపైన నిదానంగా కోయాలి. ఎంత వేడి? ప్యానెల్ మీద అరచేయి పెడితే చురుక్కుమనాలి గానీ రెండు మూడు క్షణాలు ఉంచగలిగేలా ఉండాలి. 50, 60 డిగ్రీలన్నమాట. దానికి తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యర్ చాలు, ఒకచోట నిలపకుండా తిప్పుతూ రెండు మూడు నిమిషాలు పట్టాలి. హీట్ గన్ నోట్లోంచి వచ్చే గాలి కొన్ని వందల డిగ్రీలుంటుంది, చేయి తిరిగినవాడికి తప్ప అది వద్దు. ప్లాస్టిక్ బంపర్ మీదైతే అసలు వద్దు, వంకరపోతుంది. బైకు పెట్రోలు ట్యాంకు మీద మోనోగ్రామ్ అయితే హీట్ గన్ మాటే ఎత్తకండి. వేడినీళ్లలో ముంచిన గుడ్డ వేసి ఉంచితే సరిపోతుంది. నిజానికి మన దగ్గర ఎండాకాలంలో ఏ పరికరమూ అక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు నల్ల రంగు డిక్కీ ఆ వేడిని సునాయాసంగా దాటేస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎండలో పెట్టిన బండి, చలికాలం తెల్లారి నీడలో ఉన్న బండి, ఈ రెండింటి మీదా అదే టేపు రెండు వేర్వేరు పదార్థాల్లా ప్రవర్తిస్తుంది.

కోయడానికి చేపల గాలానికి వాడే నైలాన్ తీగ శ్రేష్ఠం, అర మిల్లీమీటరు మందముంటే తెగదు. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ కూడా పనిచేస్తుంది గానీ ఊరికే తెగుతుంది. సంక్రాంతికి మిగిలిన మాంజా ఇంట్లో ఉంది కదా అని దాన్ని పట్టుకోకండి. దానికి పూసేది గాజుపొడి, అది టేపునీ కోస్తుంది, పెయింట్‌నీ కోస్తుంది, మీ వేళ్లనీ కోస్తుంది.

తీగ కంటే ముందు నీళ్లు. ఇది చాలామంది దాటేసే మెట్టు. అక్షరాల సందుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము నిజానికి సన్నటి ఇసుకే. కడగకుండా తీగ లాగితే ఆ ఇసుకను పెయింట్ మీద రుద్దినట్టే. షాంపూ నీళ్లు, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో సందులన్నీ తోమి కడిగి ఆరనివ్వాలి. తిరిగి అదే చోట కొత్తది అంటించేదుంటే, కింది గీత, పక్క గీత కలిసేలా మాస్కింగ్ టేపు వేసుకుని అక్షరాల చోటు గుర్తు పెట్టుకోవాలి. ఆ టేపే పక్కనున్న పెయింట్‌కు రక్ష కూడా.

ఇప్పుడు తీగను రెండు చేతుల వేళ్లకూ చుట్టి, గ్లవ్స్ ఉంటే వేసుకుని, సబ్బునీళ్లలో తడిపి, అక్షరం పై అంచు వెనకకు దించాలి. తీగ పెయింట్ వైపు ఒత్తుకోకూడదు, కాస్త మీ వైపుకు, అంటే ప్లాస్టిక్ వీపుకు ఆనుకుని ఉండాలి. రంపం లాగినట్టు అటూ ఇటూ పొడుగ్గా లాగుతూ కిందికి దిగుతుంటే ఫోమ్ మధ్యకు చీలుతూ పోతుంది. కిర్రుమనే చప్పుడు వచ్చినా, చేతికి గట్టిగా తగిలినా ఆపి మళ్లీ వేడి చేయాలి, బలం పెంచకూడదు. మధ్యలో అసలు కదలకుండా బిగుసుకుంటే అక్కడ పిన్ను ఉండి ఉండవచ్చు. చివర్లో అక్షరం వదులయ్యాక గడువు తీరిన ఏటీఎం కార్డును గుడ్డలో చుట్టి కింద దూర్చి నెట్టితే వచ్చేస్తుంది. క్రోమ్ పూత పగిలిన అంచు బ్లేడులా కోస్తుంది, ఊడిన ముక్కను జాగ్రత్తగా పట్టుకోండి.

ఊడింది. పెయింట్ మీద ఇప్పుడు అక్షరాల ఆకారంలో నల్లటి ఫోమ్ మిగిలి ఉంటుంది. సీసాల కోసం అందరూ పరుగెత్తేది ఇక్కడే, కానీ ముందు బొటనవేలు చాలు. ఇంకా వెచ్చగా ఉండగానే ఒక కొస నుంచి వేలితో దొర్లిస్తూ పోతే ఫోమ్ ఉండలు ఉండలుగా చుట్టుకుని లేస్తుంది. విసుగు పుట్టించే పనే, వేలు మండుతుంది కూడా. అయినా పెయింట్‌కు వేలి కంటే మెత్తటి పరికరం లేదు. ఎంత ఎక్కువ వేలితో తీస్తే సీసాతో పని అంత తక్కువ.

మిగిలిన పల్చటి జిగురు పొరకే మందు. ఒక సంగతి తెలిస్తే ఈ పని సగం సులువవుతుంది. ఈ జిగురు కూడా అల్లుకున్న పదార్థమే కాబట్టి పంచదారలా కరిగిపోదు, మందును పీల్చుకుని ఉబ్బుతుంది, ఉబ్బినప్పుడు పెయింట్ మీద పట్టు వదులుతుంది. అందుకు సమయం కావాలి. గుడ్డకు రెండు చుక్కలు అద్ది బలంగా రుద్దేవాడికి ఏ మందూ పనిచేయదు. దూది బాగా తడిపి జిగురు మీద ఐదు నిమిషాలు అతికించి వదిలేసినవాడికి కిరోసిన్ కూడా పనిచేస్తుంది. ఇక్కడ వాతావరణం లెక్క తిరగబడుతుంది. ఊడదీసేటప్పుడు ఎండ కావాలి, మందు పెట్టేటప్పుడు నీడ కావాలి. కాలుతున్న రేకు మీద మందు క్షణంలో ఎగిరిపోతుంది, ఇక నానేదేముంది? పైగా ఈ మందులన్నీ మండేవే. డ్రయ్యర్ పక్కన పెట్టి, రేకు చల్లారాకే సీసా మూత తీయాలి.

ఏ మందు? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మొదలుపెట్టండి, పెయింట్‌కు దానితో ప్రమాదం తక్కువే. దానికి లొంగకపోతే కిరోసిన్, మినరల్ టర్పెంటైన్, డబ్ల్యూడీ-40 లాంటివి. ఇవన్నీ ఇంచుమించు ఒకే జాతి, జిడ్డును, జిగురును వదులు చేస్తాయి, ఆరిన పెయింట్ జోలికి పెద్దగా పోవు. కిరోసిన్ ఈరోజుల్లో దొరకడమే కష్టం, పెయింట్ షాపులో టర్పెంటైన్ ఎక్కడైనా దొరుకుతుంది. కారు సామాన్ల షాపుల్లో దొరికే అడెసివ్ రిమూవర్లలో చాలావాటిలో ఉండేవీ ఈ జాతి ద్రవాలే, కాకపోతే ఖరీదు ఎక్కువ. కొబ్బరినూనె రాసి గంటలు వదిలేసే చిట్కా పాత స్టిక్కర్ బంకకు కొంత పనిచేస్తుంది, ఈ ఫోమ్ టేపు జిగురు దగ్గర దాని పప్పులు ఉడకవు. పెట్రోలు వాడే అలవాటు మాత్రం మానుకోవాలి. నిప్పు భయం ఒకటి, పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పెయింట్ మీద అది ఎలా పనిచేస్తుందన్నది మీ పెయింట్‌ను బట్టి ఉంటుంది. థిన్నర్, ఆసిటోన్ నా లెక్కలో చివరివి కూడా కావు. కంపెనీ పెయింట్ తట్టుకోవచ్చు గానీ పక్కనే ఉన్న టెయిల్ ల్యాంప్ ప్లాస్టిక్ తట్టుకోదు, ఒక్క చుక్క పడితే పొగపట్టినట్టు మసకబారుతుంది. కాస్త టర్పెంటైన్‌తో అయ్యే పనికి అంత సాహసం దేనికి?

బ్లేడుతో గీకడం గురించి వేరే చెప్పాలా. రబ్బరు చక్రం ఒకటి దొరుకుతుంది, డ్రిల్‌కు తగిలించి తిప్పితే పెన్సిల్ గీత చెరిపినట్టు జిగురును చెరుపుతుంది. పెద్ద స్టిక్కర్లు, పాత టాక్సీ గీతలు తీసేవాళ్లకు అది వరం. కానీ నెమ్మదిగా తిరిగే డ్రిల్‌కే వాడాలి, ఒకేచోట ఆపకూడదు. దాన్నే నిమిషానికి పదివేల చుట్లు దాటే యాంగిల్ గ్రైండర్‌కు బిగిస్తే రాపిడి వేడికి పెయింట్ కాలిపోతుంది.

ఎండకు చిట్లిన పాత వినైల్ స్టిక్కర్ల దారి వేరు. కొంచెం వేడి చేసి, పైకి కాకుండా వెనక్కి మడిచి, దాదాపు ప్యానెల్‌కు ఆనించి మెల్లగా లాగాలి. బైకు ట్యాంకు మీద బొమ్మలు తీసేముందు అంచు మీద గోరు నడిపి చూడండి. గోరుకు అంచు తగలకపోతే ఆ బొమ్మ క్లియర్ కోట్ కింద ఉంది, అది ఊడదు, ఊడాలంటే ట్యాంకుకు మళ్లీ పెయింటే.

అంతా శుభ్రమయ్యాక చాలామంది బెంబేలెత్తేది ఇప్పుడే. అక్షరాలు పోయాయి గానీ వాటి ఆకారం మాత్రం నీడలా అక్కడే ఉంటుంది. జిగురు మిగిలిందనుకుని మళ్లీ మళ్లీ రుద్దుతారు. అది చాలాసార్లు జిగురు కాదు. అక్షరం కింద ఉన్న పెయింట్ ఇన్నేళ్లూ ఎండ చూడలేదు, కొన్నప్పటి రంగులోనే ఉంది. మారింది చుట్టూ ఉన్నది. అందులోనూ రెండు రకాలు. క్లియర్ కోట్ పైభాగం మాత్రమే గరుకై మెరుపు తగ్గి ఉంటే, కాంపౌండ్ (పైపొరను సన్నగా అరగదీసే పేస్టు) కొట్టి పాలిష్ చేస్తే చుట్టూ ఉన్నది కూడా పైకి వచ్చి తేడా కనబడకుండా పోతుంది. అక్షరాల అంచున పాత వ్యాక్స్, దుమ్ము కలిసి పట్టిన గీత కూడా దీనికే పోతుంది. అలా కాకుండా అడుగునున్న రంగే ఎండకు వెలిసిపోయి ఉంటే పాలిష్ ఏమీ చేయలేదు. ఎరుపు బళ్ల మీద ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాంపౌండ్ కొట్టిన ప్రతిసారీ క్లియర్ కోట్ కాస్త కాస్త అరుగుతుంది, ఎండను ఆపే రసాయనాలు ఉండేదీ ఆ పొరలోనే. నీడ పోలేదని మూడోసారి, నాలుగోసారి కొట్టించుకుంటే రేపు ఆ చోటే ముందుగా తెల్లబడి పెచ్చులు లేస్తుంది. పనిలో ఎక్కడైనా గీత పడిందనుకోండి, గోరు అడ్డంగా నడిపి చూడండి. గోరు గీతలో చిక్కుకుంటే అది పాలిష్‌తో పోయే లోతు కాదు.

రంగు వెలిసిన బండికి రెండే దారులు. ప్యానెల్‌కు మళ్లీ పెయింట్ వేయించడం, లేదా అదే చోట అదే కొలత మోనోగ్రామ్ మళ్లీ అంటించడం. రెండోదే తెలివైన పని అని నా అభిప్రాయం, కొన్ని వందల్లో తేలిపోతుంది. అంటించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి ఆ చోటు తుడవాలి. కిరోసిన్ జిడ్డు ఏమాత్రం మిగిలినా కొత్త టేపు పట్టదు. రేకు మరీ చల్లగా, మరీ వేడిగా లేని పూట చూసుకుని, అంటించాక పది పదిహేను సెకన్లు గట్టిగా అదిమి పట్టాలి. టేపు పూర్తి బలం పుంజుకోవడానికి 72 గంటలు పడుతుంది. ఆ మూడు రోజులూ బండిని వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళ్లకండి.